భూమి దారిలోకి వచ్చే గ్రహ శకలాలు

2008 అక్టోబరు 7వ తేదీ. సూడాన్ ఉత్తర ప్రాంతంలోని నూబియా ఎడారిలో అది ఫజ్ర్ వేళ. వాదీ హల్ఫా నుంచి అబూ హమద్ వెళ్ళే రైలుమార్గంలో ఊరు పేరంటూ లేని చిన్న స్టేషన్లు కొన్ని ఉన్నాయి. వాటిని అంకెలతోనే పిలుస్తారు. ఆరవ నంబరు స్టేషనును అక్కడివారు ‘అల్ మహత్తా సిత్తా’ అంటారు. ఆ ఉదయం ఆ పరిసరాలలో ఉన్నవారికి ఆకాశం ఒక్కసారిగా పట్టపగలులా వెలిగి, మళ్ళీ చీకటైపోవటం కనిపించింది. సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో విమానం నడుపుతున్న పైలట్లు సైతం ఆ మెరుపును చూశారు.

ఆకాశం నుంచి రాళ్ళు రాలటం కొత్త సంగతి కాదు. ఆనాటి విశేషం వేరే ఉంది. ఆ రాయి రాబోతున్నదని మనిషికి ముందే తెలుసు. అంతకు సుమారు 20 గంటల ముందు అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఆకాశాన్ని గాలిస్తున్న ఒక దూరదర్శిని దానిని పట్టుకున్నది. అది ఎప్పుడు, ఎక్కడ పడుతుందో గణించి చెప్పారు. చెప్పిన వేళకే, చెప్పిన చోటే అది వాతావరణంలోకి దూసుకువచ్చి, నేలకు 37 కిలోమీటర్ల ఎత్తున పేలిపోయింది. అంతరిక్షంలో ఉండగానే గుర్తించబడి, తర్వాత భూమిని తాకిన మొట్టమొదటి గ్రహ శకలం అదే. దాని అడ్డుకొలత సుమారు 4 మీటర్లు, బరువు సుమారు 80 టన్నులు. దానికి ‘2008 టిసి3’ అని పేరు పెట్టారు.

రెండు నెలల తర్వాత ఖార్టూమ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యుడు ముఆవియా షద్దాద్, అమెరికాలో పనిచేస్తున్న పీటర్ జెన్నిస్కెన్స్ అనే శాస్త్రజ్ఞుడు కలిసి ఆ ఎడారికి వెళ్ళారు. వారి వెంట విశ్వవిద్యాలయపు విద్యార్థులూ, ఉద్యోగులూ 45 మంది ఉన్నారు. అంతా ఒకే వరుసలో నిలబడి, ఇసుకను కళ్ళతో వెతుక్కుంటూ నడిచారు. నల్లని రాతిముక్కలు దొరికాయి. తరువాతి యాత్రలలో దొరికినవి కూడా కలిపితే సుమారు 600 ముక్కలు, వాటి బరువు పదిన్నర కిలోలు. ఒక గ్రహ శకలాన్ని ఆకాశంలో చూసి, దాని ముక్కలనే చేతిలోకి తీసుకుని పరీక్షించటం చరిత్రలో అదే మొదలు.

ఈ సంఘటనలో ఒక ఊరటా, ఒక హెచ్చరికా ఉన్నాయి. ముందుగా కనిపెట్టటం సాధ్యమేనన్నది ఊరట. కనిపెట్టిన తర్వాత మిగిలిన వ్యవధి ఒక్క రోజైనా లేదన్నది హెచ్చరిక. ఆ రాయి చిన్నది కనుక, పడిన చోటు ఎడారి కనుక ఎవరికీ ఏ హానీ జరగలేదు. రాయి పెద్దదై, చోటు నగరమైతే ఏమయ్యేది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందు గ్రహ శకలాలంటే ఏమిటో తెలుసుకోవాలి.

గ్రహ శకలాలంటే ఏమిటి?

1801 జనవరి 1న ఇటలీ దేశపు సిసిలీ దీవిలో, పలెర్మో నగరపు వేధశాలలో జుసెప్పె పియాజ్జీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఒక చిన్న చుక్కను చూశాడు. అది రోజు రోజుకూ స్థానం మారుతోంది. అంటే అది నక్షత్రం కాదు. కొద్ది వారాలకే అది సూర్యుని వెలుగులో కలిసిపోయి కనిపించకుండా పోయింది. అప్పుడు గౌస్ అనే జర్మన్ గణిత శాస్త్రజ్ఞుడు, దొరికిన ఆ కొద్ది వివరాలతోనే దాని దారిని లెక్కగట్టి, ఎక్కడ వెతకాలో చెప్పాడు. ఆ సంవత్సరం ముగిసే రోజున అది ఆ లెక్క ప్రకారమే దొరికింది. అదే సీరిస్. దాని అడ్డుకొలత సుమారు 940 కిలోమీటర్లు.

సీరిస్ తర్వాత ఒకదాని వెంట ఒకటిగా ఇటువంటివి బయటపడసాగాయి. ఇవి సౌరకుటుంబం రూపుదిద్దుకున్న కాలంలో గ్రహాలుగా మారలేక మిగిలిపోయిన రాళ్ళూ, లోహపు ముద్దలూ. వీటిలో అత్యధిక భాగం కుజ, గురు గ్రహాల మధ్య వలయంగా తిరుగుతున్నది. ఎన్ని లక్షలున్నా, ఈ వలయంలోని శకలాలన్నింటినీ ఒక్కటిగా చేర్చితే చంద్రుని బరువులో నూటికి మూడు వంతులే అవుతుంది.

కొత్తగా దొరికిన శకలానికి ముందు ఒక సంఖ్య ఇస్తారు, తర్వాత పేరు పెడతారు. ఈ పేర్లలో ముస్లిం విద్వాంసులవి కూడా ఉన్నాయి. 2755వ శకలానికి ఇబ్నె సీనా పేరు, 9936వ దానికి అల్ బిరూనీ పేరు, 59239వ దానికి కాంతి శాస్త్రాన్ని పరిశోధించిన ఇబ్నుల్ హైసమ్ పేరు పెట్టారు.

వలయంలో ఉన్నంతవరకు ఈ శకలాలతో భూమికి పని లేదు. కాని గురుగ్రహపు ఆకర్షణ కొన్నింటిని వాటి దారి నుంచి లాగి, సౌరకుటుంబపు లోపలి భాగంలోకి తోస్తుంది. మరొక కారణం కూడా ఉంది. ఎండకు వేడెక్కిన రాయి, తిరిగి చల్లబడేటప్పుడు ఆ వేడిని ఒకవైపు ఎక్కువగా వదులుతుంది. అది అతి స్వల్పమైన తోపుడుగా పనిచేస్తుంది. ఏ ఒక్క రోజులోనూ తెలియని ఈ తోపుడు లక్షల ఏళ్ళు సాగితే దారినే మార్చివేస్తుంది. దీనిని మొదట ఊహించిన ఇంజనీరు పేరు మీద దీనికి ‘యార్కోవ్‌స్కీ ప్రభావం’ అని పేరు వచ్చింది. ఇలా దారి తప్పి భూకక్ష్య సమీపానికి వచ్చేవాటిని ‘భూసమీప శకలాలు’ అంటారు. 2025 చివరినాటికి ఇటువంటివి 40 వేలకు పైగా నమోదయ్యాయి.

వీటన్నింటినీ ప్రమాదకరమైనవని అనరు. భూకక్ష్యకు 75 లక్షల కిలోమీటర్ల లోపుగా రాగలిగిన కక్ష్య ఉండి, సుమారు 140 మీటర్లు లేక అంతకు మించిన పరిమాణం గలవాటినే ‘ప్రమాదానికి అవకాశమున్న శకలాలు’గా లెక్కిస్తారు. ‘అవకాశమున్న’ అనే మాట ఇక్కడ ముఖ్యం. ఆ జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన అది భూమిని ఢీకొంటుందని అర్థం కాదు. దానిపై కన్ను వేసి ఉంచాలని మాత్రమే అర్థం.

విచిత్రమైన శకలాలు

గ్రహ శకలమంటే గుండ్రని రాతిబండ అని చాలామంది అనుకుంటారు. వాస్తవం అందుకు చాలా దూరంగా ఉన్నది.

1937లో హెర్మిస్ అనే శకలం సుమారు 7 లక్షల 40 వేల కిలోమీటర్ల దూరంలో, అంటే చంద్రుని దూరానికి రెట్టింపు కన్న తక్కువలో, భూమిని దాటిపోయింది. కొద్ది రోజులలోనే అది కనుమరుగైంది. దాని దారిని కచ్చితంగా కట్టడానికి తగినన్ని పరిశీలనలు లేనందున 66 ఏళ్ళు ఎవరికీ దొరకలేదు. 2003లో మళ్ళీ కనిపించినప్పుడు తెలిసినదేమంటే, అది ఒకటి కాదు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు శకలాలు. ఇటువంటి జంటలు భూసమీప శకలాలలో నూటికి సుమారు 15 ఉంటాయని అంచనా.

1949లో కనుగొన్న ఇకారస్ దారి మరీ సాగిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అది బుధగ్రహం కన్న ఎక్కువగా సూర్యుని సమీపిస్తుంది. 1968లో అది భూమికి సుమారు 64 లక్షల కిలోమీటర్ల దూరంలో దాటిపోయింది. అంతకు ముందు ఏడాది అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో విద్యార్థులకు ఒక అభ్యాసం ఇచ్చారు: ఇకారస్ నిజంగానే భూమి మీదికి వస్తున్నదనుకుని, దానిని ఆపే పథకం తయారు చేయండి. గ్రహ శకలాల నుంచి భూమిని కాపాడే విషయమై శ్రద్ధగా సాగిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

1983లో ఒక కృత్రిమ ఉపగ్రహం తీసిన చిత్రాలలో దొరికిన ఫేథాన్ మరీ వింతైనది. ప్రతి సంవత్సరం డిసెంబరులో మిథున రాశి దిక్కు నుంచి ఉల్కలు వర్షంలా రాలుతాయి. సాధారణంగా ఇటువంటి ఉల్కాపాతం తోకచుక్కలు వదిలిన ధూళి వల్ల కలుగుతుంది. కాని ఈ ఉల్కల దారి ఫేథాన్ దారితో సరిపోయింది. అంటే రాతి శకలమే తోకచుక్కలా ధూళి వదిలిందన్నమాట. అది సూర్యునికి సుమారు 2 కోట్ల కిలోమీటర్ల దగ్గరకు వెళ్ళి, లోహాలు కరిగేంత వేడికి గురవుతుంది. శకలానికీ తోకచుక్కకూ మధ్య గీచిన గీత అంత స్పష్టమైనది కాదని ఫేథాన్ తెలియజేసింది.

కొన్ని శకలాలు గట్టి బండలే కావు, ఆకర్షణ బలం చేత ఒకచోట చేరిన రాళ్ళ కుప్పలు. 2005లో జపాన్ నౌక సందర్శించిన ఇటోకావా అటువంటిదే. 2020లో అమెరికా నౌక ఒకటి బెన్ను అనే శకలం నుంచి మట్టి తీయడానికి చేయి చాపితే, ఆ చేయి దాని పైపొరలో ఏ అడ్డూ లేనట్టు దిగబడిపోయింది. ఆ నౌక తెచ్చిన సుమారు 121 గ్రాముల మట్టి 2023 సెప్టెంబరు 24న భూమికి చేరింది.

1950 డిఎ అనే శకలం తన చుట్టూ తాను రెండు గంటల కొద్ది నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది. అంత వేగానికి రాళ్ళ కుప్ప చెదిరిపోవలసిందే. సన్నని ధూళి రేణువుల మధ్య ఉండే అతి స్వల్పమైన పట్టు దానిని కలిపి ఉంచుతున్నదని 2014లో పరిశోధకులు తేల్చారు. ఇది 2880వ సంవత్సరంలో భూమిని తాకే స్వల్ప అవకాశం ఉన్నందున దీని స్వభావం తెలియటం ఎంతో అవసరం. గట్టి బండను తోసినట్టు ఇటువంటి కుప్పను తోయటం కుదరదు. దెబ్బకు చీలిపోతే ఒక రాయికి బదులు అనేక రాళ్ళు ఎదురవుతాయి.

సూడాన్‌లో పడిన శకలం కూడా సామాన్యమైనది కాదు. దాని ముక్కలలో రకరకాల జాతుల రాళ్ళు కలిసి ఉన్నాయి. కంటికి కనిపించని సూక్ష్మమైన వజ్రాలు కూడా ఉన్నాయి. వాటి నిర్మాణం పరిశీలించిన శాస్త్రజ్ఞులు, సౌరకుటుంబపు బాల్యంలో ఉండి తర్వాత ముక్కలైపోయిన ఒక గ్రహం లోపలి భాగంలో అవి పుట్టి ఉంటాయని 2018లో అభిప్రాయపడ్డారు.

చిన్న రాయి, పెద్ద దెబ్బ

రాయి దెబ్బ దాని బరువును బట్టే కాక, వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం రెండింతలైతే దెబ్బ నాలుగింతలవుతుంది. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో వచ్చే రాయిలో, అంతే బరువు గల పేలుడు మందులో ఉన్నంత శక్తి ఉంటుంది. సెకనుకు 19 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆ శక్తి 40 రెట్లకు మించుతుంది. ఆ రాయిలో మందుగుండు ఏదీ అవసరం లేదు. దాని వేగమే మందుగుండు.

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరం మీద జరిగినది ఇదే. 20 మీటర్లకు మించని ఒక శకలం సెకనుకు సుమారు 19 కిలోమీటర్ల వేగంతో వచ్చి, నేలకు సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున పేలింది. ఆ శక్తి హిరోషిమా బాంబుకు దాదాపు 30 రెట్లు. సూర్యుని దిక్కు నుంచి వచ్చినందున దానిని ఏ దూరదర్శినీ ముందుగా చూడలేకపోయింది. అదే రోజున మరొక శకలం 27,700 కిలోమీటర్ల దూరంలో దాటిపోతుందని ఏడాది ముందే తెలుసు, ప్రపంచమంతా దాని కోసం ఎదురుచూస్తున్నది. వస్తుందనుకున్నది దాటిపోయింది, అనుకోనిది వచ్చి పడింది.

ఆనాడు సుమారు 1,500 మంది గాయపడ్డారు. వారిలో ఎక్కువమందిని గాయపరచినది రాయి కాదు, అద్దం. ఆకాశంలో మెరుపు కనిపించగానే ప్రజలు ఏమిటో చూద్దామని కిటికీల దగ్గరకు పరుగెత్తారు. వెలుగు క్షణంలో చేరుతుంది, గాలి దెబ్బ ఆలస్యంగా వస్తుంది. నగరానికి అది చేరడానికి సుమారు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ కిటికీ దగ్గర నిలబడినవారి ముఖాల మీద అద్దాలు పగిలిపడ్డాయి. ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని మాత్రం తన తరగతిలోని 44 మంది పిల్లలను బల్లల కిందికి దూరమని ఆజ్ఞాపించింది. పిల్లలలో ఒక్కరికీ గాయం కాలేదు. నిలబడి ఉన్న ఆమెకు మాత్రం అద్దం ముక్కలు లోతుగా దిగాయి. ఆకాశంలో అసాధారణమైన మెరుపు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగాలన్న ఈ చిన్న సంగతిని ఏ దేశంలోనైనా పిల్లలకు చెప్పి ఉంచటం మంచిది.

దీనికన్న పెద్ద సంఘటన 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగూస్కా అడవిలో జరిగింది. అక్కడ సుమారు 2,000 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నేలకూలింది. నిర్జన ప్రాంతం కనుక ప్రాణనష్టం దాదాపు లేదు. అక్కడికి మొదటి శాస్త్రీయ యాత్ర 1927లో గాని వెళ్ళలేకపోయింది. ఐక్యరాజ్య సమితి ఈ జూన్ 30నే ‘అంతర్జాతీయ గ్రహ శకల దినం’గా 2016లో ప్రకటించింది.

ఇక అన్నింటికన్న పెద్ద ఉదాహరణ 6 కోట్ల 60 లక్షల ఏళ్ళనాటిది. సుమారు 10 కిలోమీటర్ల శకలం నేటి మెక్సికో దేశపు యుకటాన్ తీరాన పడి, సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి చేసింది. ఎగసిన ధూళి సూర్యుని కప్పివేసింది. రాక్షసబల్లులు అంతరించిపోయాయి. 1980లో లూయీ అల్వరెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారి సహచరులు భూమి పొరలలో భూమిపై అరుదైన ఇరిడియం లోహాన్ని కనుగొని ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. 1991 నాటికి గొయ్యి జాడ కూడా తెలిసింది.

ఎడారి చెప్పే సాక్ష్యం

ఇటువంటి గుర్తుల కోసం మెక్సికో దాకా వెళ్ళనక్కరలేదు. మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో లోణార్ సరస్సు అటువంటి గొయ్యే. గట్టి నల్లరాతి నేలలో ఏర్పడిన ఆ గొయ్యి వెడల్పు సుమారు 1,800 మీటర్లు.

అరేబియాలోని రుబ్ఉల్ ఖాలీ ఎడారిలో మరొకటి ఉంది. ఆకాశాగ్నికి నాశనమైన ఒక పురాతన నగరం అక్కడ ఉన్నదని, ఒంటె పరిమాణం గల ఇనుప ముద్ద కూడా ఉన్నదని బదవీలు తరతరాలుగా చెప్పుకునేవారు. 1932లో అబ్దుల్లా ఫిల్బీ ఆ నగరాన్ని వెతుకుతూ వెళ్ళాడు. ఆయనకు నగరం కనిపించలేదు, ఇసుకలో పెద్ద పెద్ద గోతులు కనిపించాయి. అవి అగ్నిపర్వతపు నోళ్ళని మొదట అనుకున్నాడు. ఆయన తెచ్చిన ముక్కలను లండన్‌లో పరీక్షిస్తే, అది ఆకాశం నుంచి పడిన ఇనుమని తేలింది. ఇసుక కరిగి నల్లని గాజుగా మారింది. వాటిలో పెద్ద గొయ్యి వెడల్పు 116 మీటర్లు. 1966లో అక్కడ దొరికిన రెండు టన్నులకు పైగా బరువు గల ఇనుప ముద్ద ఇప్పుడు రియాద్ జాతీయ ప్రదర్శనశాలలో ఉన్నది. ఆ స్థలాన్ని ‘వబార్’ అంటారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. బదవీల మాటలో ఇనుము నిజం, నిప్పు నిజం, నగరం మాత్రం లేదు. జనవాక్యాన్ని పూర్తిగా కొట్టిపారవేసినవారికి ఆ ఇనుము దొరికేది కాదు. పూర్తిగా నమ్మినవారు లేని నగరం కోసం వెతుకుతూనే ఉండేవారు. వెళ్ళి చూసి, ముక్క తెచ్చి, పరీక్షించినప్పుడే నిజం తేలింది. ఇబ్నె సీనా తన కాలంలో జూజ్జాన్ ప్రాంతంలో ఆకాశం నుంచి ఇనుము పడిన సంగతిని ‘కితాబుష్షిఫా’లో ప్రస్తావించాడు. ఐరోపా విద్వాంసులలో చాలామంది 18వ శతాబ్దం చివరి వరకు ఆకాశం నుంచి రాళ్ళు పడతాయంటే నమ్మలేదు.

‘ప్రమాదం పెరిగింది’ అంటే అర్థమేమిటి?

2004 జూన్‌లో అపోఫిస్ అనే శకలాన్ని కనుగొన్నారు. దాని పరిమాణం సుమారు 340 మీటర్లు. అది 2029 ఏప్రిల్ 13న భూమిని ఢీకొనే అవకాశం ఉన్నదని ఆ డిసెంబరులో లెక్కలు చూపించాయి. ఆ అవకాశం క్రమంగా పెరిగి, 37లో 1 వంతు దాకా వచ్చింది. ప్రమాదాన్ని 0 నుంచి 10 వరకు సూచించే ‘టొరీనో కొలత’ మీద అది 4కు చేరింది. మరే శకలమూ ఆ అంకెకు చేరలేదు. అంతలో, అదే సంవత్సరం మార్చిలో తీసిన పాత చిత్రాలలో దాని జాడ దొరికింది. దారి కచ్చితంగా తెలియగానే 2029 ప్రమాదం తొలగిపోయింది. 2021 మార్చిలో రాడార్ పరిశీలన తర్వాత, కనీసం నూరేళ్ళపాటు అపోఫిస్ వల్ల భూమికి ప్రమాదం లేదని నాసా ప్రకటించింది.

2024 డిసెంబరు 27న చిలీ దేశంలోని దూరదర్శినితో కనుగొన్న 2024 వైఆర్4 విషయంలోనూ ఇదే జరిగింది. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం నూటికి 1 నుంచి పెరుగుతూ, 2025 ఫిబ్రవరి 18న 3.1కి చేరింది. తాకితే ఏ ప్రాంతం మీద పడవచ్చునో సూచించే పొడవైన గీతలో ఆఫ్రికా, అరేబియా సముద్రం, దక్షిణాసియా కూడా ఉన్నాయి. పత్రికలలో పెద్ద అక్షరాలు వెలిశాయి. వారం తిరగకుండానే ఆ అవకాశం దాదాపు సున్నాకు పడిపోయింది.

ఇలా పెరిగి తగ్గటం చూసి, శాస్త్రజ్ఞులు తప్పు చెప్పారని కొందరు, ఏదో దాచారని కొందరు అనుకుంటారు. రెండూ సరికావు. వాకిట్లో పొడవైన తాడు పరచి, దాని మీద ఎక్కడో ఒక రూపాయి నాణెం ఉంచినట్టు ఊహించుకోవాలి. ఆ రోజున శకలం ఉండగల చోట్లన్నీ కలిపితే తాడు. నాణెం మన భూమి. పరిశీలనలు పెరిగిన కొద్దీ అనుమానం తగ్గి తాడు పొట్టిదవుతుంది. నాణెం ఇంకా తాడు మీదనే ఉంటే, పొట్టి తాడులో నాణెం ఆక్రమించే వంతు పెరుగుతుంది. అంటే ప్రమాదం పెరిగినట్టు కనిపిస్తుంది. తాడు మరికొంత పొట్టిదై, దాని కొస నాణేన్ని దాటి అవతలికి జరిగిపోగానే ప్రమాదం సున్నా అవుతుంది. శకలం మొదటి నుంచీ తన దారిననే పోతున్నది. మారినది మనకున్న జ్ఞానం.

కనుక ఇటువంటి వార్త విన్నప్పుడు ఇంకా ఎన్ని రోజుల పరిశీలన మిగిలి ఉన్నదో, చెప్పినది ఎవరో విచారించాలి. ఫలానా తేదీన లోకం అంతమవుతుందని తేదీ వేసి చెప్పే మాటలకూ, నూటికి ఇంత అవకాశమని చెప్పే లెక్కకూ ఎంతో తేడా ఉంది. మొదటి దానిని సరిదిద్దేవారు ఉండరు. రెండవది తనను తానే సరిదిద్దుకుంటుంది.

ప్రమాదం సున్నా కాని శకలాలు కూడా ఉన్నాయి. సుమారు 490 మీటర్ల బెన్ను 2300వ సంవత్సరం లోగా భూమిని తాకే అవకాశం 1,750లో 1 వంతు అని 2021లో లెక్కగట్టారు. అందులో ముఖ్యమైన రోజు 2182 సెప్టెంబరు 24. అది నేటి తరానికి భయం కాదు, రాబోయే తరాలకు అప్పగించవలసిన పని.

దారి మళ్ళించటం సాధ్యమా?

భూకంపాన్ని గాని, తుఫానును గాని ఎవరూ ఆపలేరు. గ్రహ శకలం విషయంలో మాత్రం, ముందుగా తెలిస్తే, ఉపాయం ఉన్నది. దానిని పేల్చివేయనక్కరలేదు. కొద్దిగా తోస్తే చాలు. సెకనుకు ఒక్క సెంటీమీటరు వేగం మార్చితే, 10 ఏళ్ళలో అది ఉండవలసిన చోటు నుంచి 3,000 కిలోమీటర్లకు పైగా తప్పుకుంటుంది. 20 ఏళ్ళ వ్యవధి ఉంటే, ఆ చిన్న తోపుడే భూమి వ్యాసార్ధమంత దూరం అవుతుంది. అందుచేత ఈ పనిలో బలం కన్న వ్యవధి ముఖ్యం.

దీనిని పరీక్షించడానికి నాసా ‘డార్ట్’ అనే నౌకను పంపింది. డిడిమోస్ అనే శకలం చుట్టూ డైమోర్ఫోస్ అనే 160 మీటర్ల చిన్న శకలం తిరుగుతుంది. 2022 సెప్టెంబరు 26న, భూమికి సుమారు 1 కోటి 10 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఆ నౌక సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో డైమోర్ఫోస్‌ను కావాలనే ఢీకొట్టింది. అంతకు ముందు ఒక చుట్టుకు 11 గంటల 55 నిమిషాలు పట్టేది. ఆ తర్వాత అది సుమారు 11 గంటల 23 నిమిషాలకు తగ్గింది. 73 సెకన్ల మార్పు వచ్చినా చాలునని ముందు అనుకున్నారు, వచ్చినది సుమారు 32 నిమిషాలు. ఢీకొన్నప్పుడు ఎగజిమ్మిన రాళ్ళూ ధూళీ కూడా శకలాన్ని వెనక్కు తోయటమే ఇందుకు కారణం. దెబ్బ ఫలితాన్ని దగ్గర నుంచి చూడటానికి ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 అక్టోబరులో ‘హెరా’ అనే నౌకను పంపింది.

అసలు ఆందోళన ఎక్కడ?

ఒక కిలోమీటరుకు మించిన భూసమీప శకలాలలో నూటికి 95కు పైగా ఇప్పటికే దొరికాయని అంచనా. వాటిలో ఏదీ సమీప భవిష్యత్తులో భూమి మీదికి వచ్చే దారిలో లేదు. 140 మీటర్ల పైబడినవి మొత్తం సుమారు 25 వేలు ఉంటాయని అంచనా కాగా, దొరికినవి సగానికి తక్కువే. ఇటువంటి ఒక్క శకలం ఒక రాష్ట్రమంత ప్రాంతాన్ని నాశనం చేయగలదు. ఇక చెల్యాబిన్‌స్క్, తుంగూస్కాల వంటి చిన్న శకలాలలో అత్యధిక భాగం ఎవరికీ తెలియదు. పేరు పెట్టి, దారి కట్టి, పత్రికలలో చర్చించిన శకలాల కన్న, ఇంకా ఎవరి కంటా పడని శకలమే ఎక్కువ ఆలోచించదగినది.

కనిపించకపోవడానికి కారణాలున్నాయి. కొన్ని శకలాలు బొగ్గులా నల్లనివి, వెలుగును పీల్చుకుంటాయి. కొన్ని సూర్యుని దిక్కున ఉంటాయి, పగటి ఆకాశంలో దూరదర్శినికి చిక్కవు. వీటి వేడిని బట్టి వీటిని పట్టుకునే ఒక దూరదర్శినిని అంతరిక్షంలోకి పంపడానికి నాసా సన్నాహాలు చేపట్టింది. చిలీలో నిర్మించిన రూబిన్ వేధశాల 2025 జూన్‌లో విడుదల చేసిన తొలి చిత్రాలలోనే 2,104 కొత్త శకలాలు కనిపించాయి. వాటిలో 7 భూసమీపమైనవి, ఏదీ ప్రమాదకరమైనది కాదు.

మరొక సమస్య విజ్ఞానానికి సంబంధించినది కాదు, న్యాయానికి సంబంధించినది. దూరదర్శినులూ, రాకెట్లూ ఉన్న దేశాలు కొన్నే. రాయి పడే చోటు మాత్రం ఏ దేశమైనా కావచ్చు. ఒక శకలాన్ని తోసేటప్పుడు పని సగంలో ఆగితే, అది ఒక దేశం మీద పడవలసినది మరొక దేశం మీద పడవచ్చు. అటువంటి నిర్ణయం ఎవరు చేయాలి? ఈ ప్రశ్న దృష్ట్యానే 2013 తర్వాత ఐక్యరాజ్య సమితి అండతో రెండు అంతర్జాతీయ బృందాలు ఏర్పడ్డాయి. ఒకటి హెచ్చరికల కోసం, రెండవది నివారణ పథకాల కోసం. 2029ని ‘గ్రహ శకలాల అవగాహన, భూరక్షణ సంవత్సరం’గా కూడా సమితి ప్రకటించింది.

ఆ సంవత్సరాన్ని ఎన్నుకోవటానికి కారణం అపోఫిస్. 2029 ఏప్రిల్ 13, శుక్రవారం రాత్రి అది భూమి ఉపరితలానికి సుమారు 32 వేల కిలోమీటర్ల దూరంలో, అంటే టెలివిజన్ ప్రసారాలందించే ఉపగ్రహాల కన్న దగ్గరగా, దాటిపోతుంది. అది భూమిని తాకదు. ఐరోపా, ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రజలు దానిని ఏ దూరదర్శినీ లేకుండా, మెల్లగా కదిలే చుక్కలాగా మామూలు కంటితోనే చూడగలుగుతారు. 2008లో పెద్ద మెరుపును చూసిన నూబియా ఎడారివాసులు కూడా ఆ ప్రాంతంలోనే ఉన్నారు. ఆనాటి రాయి గురించి ఒక్క రోజు ముందే తెలిసింది. ఈ రాయి గురించి 25 ఏళ్ళ ముందే తెలిసింది. ఆ తేదీ సమీపించిన కొద్దీ వదంతులు కూడా తప్పక పుడతాయి. ఆ వదంతిని విన్నవారికి నిమిషం ఆగి లెక్క ఏమిటో చెప్పగలిగినవారు ప్రతి ఊళ్ళో, ప్రతి మొహల్లాలో ఒకరైనా ఉండటం అవసరం.